ఎవరూ చెప్పని కబురు

రైలు తిరువాలంగాడు దాటుతుండగా నా ఫోన్లోంచి మా పెద్దమ్మ గొంతు పెట్టె మొత్తానికీ వినిపించింది.

"ఏం నాయినా, అక్కకి విశేషమంట గదా! మాకు ఒక మాట చెప్పకూడదా? మేమేమన్నా పరాయోళ్ళమా?"

మా కుటుంబం గ్రూపులో ఎవరూ టైపు చెయ్యరు. పెద్దవాళ్ళకు తెలుగు అక్షరాలు తప్ప రావు, మాకు తమిళమైతేనే గబగబా కళ్ళకు ఆనుతుంది. నేను తెలుగు రాయడం నేర్చుకుందే ఉద్యోగంలో చేరిన తర్వాత. అందుకని మా వాళ్ళు ఏదున్నా మాట్లాడి పంపుతారు. పెద్దమ్మ అయితే పళ్ళిపట్టులో కూర్చుని, ఫోను నోటికి అడ్డంగా పెట్టుకుని, మాకు నేరుగా వినబడాలన్నట్టు అరుస్తుంది.

ఎదురు సీట్లో ఖాళీ పూలబుట్ట ఒళ్ళో పెట్టుకున్న ఆమె నవ్వింది. "ఎత్తన మాసం తంబీ?" అని అడిగింది. ఎన్నో నెల అని.

నాకు ఒళ్ళు మండింది. ఆమె మీద కాదు. అక్క కడుపుతో ఉన్న సంగతి ఈ లోకంలో నలుగురికే తెలుసు. అక్కకు, బావకు, అమ్మకు, నాకు. అక్క రెండేళ్ళుగా తిరువళ్ళూరు దగ్గర కార్లకు వైర్లు కట్టలు కట్టే కంపెనీలో ట్రైనీగా చేస్తోంది. ఆ నెలాఖరులో పర్మనెంట్ ఆర్డర్లు రావాలి. అంతకు ముందు ఏడాది తన పక్కన నిలబడి పనిచేసే అమ్మాయి, ఆర్డరు రాకముందే నెల తప్పిందని చెప్పింది. "కాన్పు అయినాక రామ్మా, చూద్దాం" అని మంచిగా చెప్పి పంపించారు. ఆ తర్వాత ఆ అమ్మాయి గేటు దగ్గర ఎన్నిసార్లు నిలబడినా లోపలికి పిలవలేదు. అందుకే అక్క మా చేత ఒట్టు వేయించుకుంది. ఆర్డరు చేతికొచ్చేదాకా గాలికి కూడా తెలియకూడదని.

ఇప్పుడు గాలికే కాదు, పూలమ్మే ఆమెకు కూడా తెలిసిపోయింది.

ఆ రోజు మేం తిరుత్తణి కొండ మీద గుండు వేడుక చూసుకుని తిరిగొస్తున్నాం. బావ వాళ్ళక్క కొడుక్కి మొదటి వెంట్రుకలు తీయించారు. ఆమె నాకు వదిన వరస. పిల్లవాణ్ణి మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టి తీయించాలి కాబట్టి బావ రాకుండా కుదరదు. అక్కకు ఆదివారం డ్యూటీ పడింది, రాలేదు. డ్యూటీ నిజంగానే పడింది గానీ, పడకపోయినా తను కొండెక్కేది కాదు. కొండ మీద నేనేమీ పెద్దగా చూడలేదు. అత్తలూ చిన్నాయనలూ, పసుపు నీళ్ళూ, పిల్లాడి ఏడుపూ. పిళ్ళయార్ ముందు, అదే వినాయకుడి ముందు, కొబ్బరికాయ పగిలిన చప్పుడు విన్నాను, తలెత్తలేదు. ఆఫీసు గ్రూపులో ఎవడో నా లీవు గురించి వెటకారం చేస్తే వాడికి జవాబిచ్చే పనిలో ఉన్నాను.

రైల్లో నా పక్కన అమ్మ, అమ్మ పక్కన బావ. ఇద్దరి ముఖాలూ చూశాను. నలుగురిలో నేను చెప్పలేదు. అక్క డ్యూటీలో ఉంది, ఫోను గేటు దగ్గర లాకర్లో ఉంటుంది. మిగిలింది వీళ్ళిద్దరే.

"అమ్మా, ఫోనియ్యి."

"ఎందుకురా?"

"ఇయ్యి ముందు."

అమ్మ పొద్దుటి నుంచి పంపిన మాటలన్నీ చెవికి ఆనించుకుని విన్నాను. కొండ మీద ఎండ గురించి, పొంగలిలో నెయ్యి తక్కువైన సంగతి గురించి, నేను జుట్టు కత్తిరించుకోవడం లేదని పెద్దమ్మతో చేసిన ఫిర్యాదు గురించి.

"నా మీదే అనుమానమా నీకు? నీ కడుపు కాల. నా నోట్లోంచి ఒక అక్షరం వచ్చుంటే సూడు" అంది అమ్మ.

"మరి ఎవురు?"

బావ కిటికీలోంచి మణవూరు స్టేషన్ బోర్డు చదువుతున్నాడు. ఆ బోర్డు రోజూ చూసేదే. అంత శ్రద్ధగా చదవడం నాకు నచ్చలేదు.

"బావా, నువ్వు మీ అక్కకి చెప్పినావా?"

"లేదప్పా. మురుగన్ మీద ఆన."

కడంబత్తూరు వచ్చేలోగా ఇంకో రెండు మోగాయి. ఒకటి ఆత్తిపట్టు కరెంటు ప్లాంటులో పనిచేసే పెద్దనాన్న కొడుకు. "నల్ల సేదియా తంబీ?" అని నవ్వాడు. మంచి కబురేనా అని. ఇంకొకటి పూండి నుంచి, పెళ్ళికి తప్ప ఎప్పుడూ మాతో మాట్లాడని ఒకావిడ. ఆమె మాటలేమీ పంపలేదు. ఊయల బొమ్మ ఒకటి పెట్టింది. అంతే. ఆ ఊయల బొమ్మ చూస్తే నాకు పోలీసు నోటీసు చూసినట్టుంది.

నేను ఫోన్లు చేసి అడగలేదు. అడిగితే ఒప్పుకున్నట్టే. "ఏ విశేషం?" అని ఎదురడిగితే అబద్ధం దొరికిపోతుంది. ఏదీ పంపకుండా ఉంటే, చూసి కూడా మాట్లాడలేదు అంటే నిజమే అనుకుంటారు. చూసినట్టు నీలం గీతలు పడ్డాయి కదా. మా వాళ్ళు ఆ నీలం గీతల్ని జాతకంలాగా చదువుతారు.

తిరువళ్ళూరులో అమ్మనూ నన్నూ బావ ఇంటికి తీసుకెళ్ళాడు. అక్క డ్యూటీ ముగించుకుని అప్పుడే వచ్చి, చేతులు కడుక్కుని, పళ్ళెంలో చారన్నం కలుపుకుంటోంది. నేను చెప్పాను. దాచి చెప్పడం నాకు రాదు.

అక్క ముద్ద నోట్లో పెట్టుకోకుండా ఆగింది. "పెద్దమ్మ వరకేనా? కంపెనీ దాకా పోయిందా?"

"అదే తెలీదు."

"వదినకి ఫోన్ చెయ్యి."

స్పీకరు పెట్టి చేశాను.

"ఏం మరిదీ, ఇల్లు చేరినారా? పొంగలి డబ్బా మీ అమ్మ ఈడే మర్చిపాయ" అంది వదిన.

"డబ్బా ఉండనీ వదినా. నువ్వు ఎవురెవురికి చెప్పినావు?"

"ఏంది చెప్పేది?"

"తెలీనట్టు మాట్లాడద్దు. పళ్ళిపట్టు పెద్దమ్మకి తెలిసింది. ఆత్తిపట్టు అన్నకి తెలిసింది. రైల్లో పూలామె నన్ను నెల అడగతా ఉండాది!"

"అరవాకు. బిడ్డ ఇప్పుడే పడుకున్నాడు. గుండు తడుముకొని తడుముకొని ఏడ్చినాడు." గొంతు తగ్గించింది. "మీ అక్క సంగతేనా? అది నాకు కొండ మీదే తెలుసు."

"ఎవురు చెప్పినారు?"

"ఎవురూ చెప్పలే. మీ బావ కాయ కొట్టలే."

నాకు ఆ మాట తలకెక్కడానికి కొంచెంసేపు పట్టింది. భార్య కడుపుతో ఉంటే మొగుడు కొబ్బరికాయ కొట్టడు. మా వాళ్ళలో ఇది ఎవరూ ప్రత్యేకంగా చెప్పరు, అందరూ పాటిస్తారు. పిల్లాడికి దిష్టి తీసి పిళ్ళయార్ ముందు కాయ పగలగొట్టే హక్కు మేనమామది. అదే మేనమామ కర్పూరం వెలిగించి, కాయను పిల్లాడి చుట్టూ తిప్పి, చివరికి వచ్చేసరికి పక్కనున్న వాళ్ళ చిన్నాయన చేతిలో పెట్టాడు.

"బిడ్డకి మేనమామ నిలబడుండంగా మా చిన్నాయన కొట్టినాడు. ఆ మాత్రం అర్థం కాదా మాకు?" అంది వదిన. "మా అమ్మ ఆడనే నన్ను గిల్లింది. మేం నోరు తెరిచినామా? మీరుగా చెప్తారులే అని గమ్మున ఉండిపోయినాం."

"మరి పళ్ళిపట్టుకి ఎట్ల పోయింది?"

"మా ఇంటాయన వీడియో తీసినాడు గదా. నేను స్టేటస్ పెట్టినా."

"ఎందుకు పెట్టినావు?"

"నా కొడుకు గుండు, నా స్టేటస్సు. నువ్వు పెండ్లి చేసుకొని, బిడ్డని కని, గుండు కొట్టిచ్చి, నీది నువ్వు పెట్టుకో."

అమ్మకు నవ్వొచ్చింది, కొంగు అడ్డం పెట్టుకుంది. నాకు రాలేదు.

"ఎవురెవురు చూసినారో చదువు."

వదిన చదవడం మొదలుపెట్టింది. అత్తలు, మరదళ్ళు, పాలాయన, దర్జీ. అన్నిటినీ విని వదిలేస్తున్నాం. "అప్పురం, నాతో ఇస్కూల్లో చదివినామె, మీ అక్క కంపెనీలోనే ఉండాది గదా, ఆమె కూడా చూసింది. బిడ్డకి దండం బొమ్మ పెట్టింది పాపం."

అక్క పళ్ళెం పక్కకు జరిపింది.

ఆ దండం బొమ్మ పెట్టినామె అక్కకు లైన్ లీడరు. పళ్ళిపట్టు వైపు తెలుగామె. పర్మనెంట్ ఎవరికి ఇవ్వచ్చు, ఎవరికి ఇవ్వకూడదు అని ఆఫీసులో మొదట అడిగేది ఆమెనే.

నేను బావ వైపు తిరిగాను. ఆయన గుమ్మం దగ్గర హెల్మెట్ పట్టుకుని దాన్ని గుండ్రంగా తిప్పుతూ కూర్చున్నాడు.

"ఒక్క కాయ బావా. కొట్టేసుంటే పోయేది గదా!"

"చెయ్యి రాలే రా."

"నీకు ఇట్లాంటి నమ్మకాలు యాడుండాయి? పిల్లి అడ్డమొస్తే దానికే హారన్ కొడతావు."

"పిల్లి వేరే, ఇది వేరే."

"ఏం వేరే? అక్క ఉద్యోగం పోతే..."

"రేయ్, ఊరుకో" అంది అక్క. బావను చూసింది. "నిజంగా చిన్నాయనకి ఇచ్చేసినావా?"

"ఊఁ. ఎత్తినా. ఎత్తినాక నువ్వు గుర్తొచ్చినావు. దించేసినా."

"కొట్టుంటే ఈ పొద్దు ఇంట్లోకి రానిచ్చేదాన్ని కాదు" అంది అక్క. తర్వాత ఏడ్చింది. బావ లేచి ఆమె పళ్ళెం మళ్ళీ దగ్గరికి జరిపాడు. నేను ఫోను చూసుకున్నాను.

వదిన స్టేటస్ తీసేసింది. దానివల్ల ఏమీ కాలేదు. పెద్దమ్మ అప్పటికే ఆ వీడియో దింపుకుని, దానికి ఒక భక్తి పాట అతికించి, గ్రూపులో వేసింది. కాయ చేతులు మారే చోట సరిగ్గా మేళం మొదలవుతుంది. పెద్దమ్మకు ఫోన్ చేసి, బతిమాలి, తీసేయించాను. ఆ స్థానంలో 'ఈ సందేశం తొలగించబడింది' అని మిగిలింది. ఆ ఒక్క ముక్క వీడియో కంటే గట్టిగా మాట్లాడింది. కాసేపటికే చిన్నాయన గొంతు వచ్చింది.

"ఎందుకు తీసేసినారు? బిడ్డకి ఏమన్నా ప్రాబ్లమా? స్కాన్‌లో ఏమన్నా చెప్పినారా?"

ఆ తర్వాత పూండి ఆవిడ ఏడుపు బొమ్మ. ఆత్తిపట్టు అన్న "ధైర్యంగా ఉండండి". పెద్దమ్మ నిజంగానే ఏడుస్తూ, "నేను కన్ను పెట్టినానని తీసేయిచ్చినారా నాయినా?" అని. ఒక పూటలో అక్క కడుపుతో ఉంది, ఆ కడుపుకు ఏదో అయింది కూడా. చివరికి అమ్మ ఫోన్ లాక్కుని, "అందరూ బాగున్నారు, నోర్లు మూసుకోండి" అని పంపించింది. అంటే అక్క కడుపుతో ఉన్నట్టు ఇంటి నుంచి అధికారికంగా చెప్పినట్టే.

సోమవారం నేను అంబత్తూరులో నా సీట్లో కూర్చుని, సరుకు రాలేదని తిట్టేవాళ్ళకు సారీలు చెబుతూ, అక్కకు పంపిన మెసేజీ కింద ఒకటే బూడిద గీత చూస్తూ గడిపాను. లైన్ లీడరు నంబరు వదిన దగ్గర తీసుకుని, ఆమె ప్రొఫైల్ ఫోటో చూశాను. గులాబీ పువ్వు. చివరిగా ఎప్పుడు చూసిందో కనపడకుండా దాచిపెట్టింది. దాచేవాళ్ళను నేను నమ్మను. నాదీ దాచే ఉంటుంది, అది వేరే సంగతి.

సాయంత్రం అక్క ఫోన్ చేసింది.

"ఏమన్నా అన్నాదా మీ లైన్ లీడరు?"

"ఏమీ అనలే. రోజంతా మామూలుగానే ఉన్నాది. పొయ్యేటప్పుడు మాత్రం, రేపట్నుంచి చెకింగ్ టేబుల్‌కి పో, ఈ బుట్టలు నువ్వు ఎత్తద్దు అన్నాది."

"అక్కా, అది మంచికి కాదు. నిన్ను కూర్చోబెడితే అందరూ ఎందుకని అడగతారు. ఆమె నోటితో చెప్పకుండా చెప్పిస్తా ఉండాది."

"కాళ్ళు లాగతా ఉంటే కూర్చోబెట్టింది రా."

"నిన్ను పక్కకి తోసేదానికి మొదటి మెట్టు అది."

"నీకు ఎవురి మీదైనా నమ్మకం ఉండాదా?"

ఆ వారమంతా అక్క చెకింగ్ టేబుల్ దగ్గర కూర్చుంది. కూర్చున్నందుకు ఇద్దరు ముగ్గురు చూపులు తిప్పారు. క్యాంటీన్లో ఒకామె పుల్లమామిడి ముక్కలు తెచ్చి, ఏమీ అడగకుండా, అక్క టిఫిన్ పక్కన పెట్టి వెళ్ళింది. ఎవరూ ఏమీ అనడం లేదు. అనకపోవడమే నాకు భయం.

శుక్రవారం అక్క ఎవరితోనూ ఆలోచన చెయ్యకుండా ఆఫీసు గదిలోకి వెళ్ళింది. మనుషుల వ్యవహారాలు చూసే ఆఫీసరు ఒక తమిళావిడ. అక్క నిలబడే చెప్పింది, "మేడం, నేను కడుపుతో ఉన్నా. వేరేవాళ్ళ నోట మీకు చేరకముందే నేనే చెప్దామని వచ్చినా" అని.

ఆ ఆఫీసరు కంప్యూటరు నుంచి తలెత్తకుండానే, "తెరియుమ్మా" అంది. తెలుసమ్మా అని.

ఈ మాట అక్క నాకు ఫోన్లో చెప్పగానే నేను కుర్చీలోంచి లేచాను. "ఎట్ల తెలుసు? ఎవురు చెప్పినారు? లైన్ లీడరే! నేను చెప్పినా గదా!"

"నేను అడగలే."

"అడగలేదా! మరి ఆర్డరు సంగతి?"

"కూర్చో అన్నాది. డాక్టర్ ఏ తేదీ ఇచ్చినాడు అని అడిగింది. చెప్పినా. సెరి, పనికి పో అన్నాది."

"అంతేనా?"

"అంతే. నేను వచ్చేసినా. నాకు తేలిగ్గా ఉండాది రా ఇప్పుడు. అన్నం తినబుద్దయితా ఉండాది."

నెలాఖరుకు ఆర్డర్లు వచ్చాయి. అక్కకు రాలేదు. నేను సెలవు పెట్టి తిరువళ్ళూరు వెళ్ళి ఆ కంపెనీ గేటు దగ్గర అరిచేందుకు సిద్ధపడ్డాను. బావ నా చొక్కా పట్టుకుని ఆపాడు. "గేటు కాడ గొంతెత్తినావంటే అది కూడా వీడియో అయితాది" అన్నాడు. నేను ఆగింది ఆ ఒక్క మాటకు.

ఆ తర్వాతి నెల వచ్చింది అక్క ఆర్డరు. కాన్పు సెలవు మొదలయ్యే ముందే వచ్చింది, సెలవులో జీతం కూడా వస్తుంది. ఆలస్యం ఎందుకైందో ఎవరూ చెప్పలేదు. ఆ కాగితం ఫోటో అక్క పంపితే, ఒక్కో వాక్యం పెద్దది చేసుకుని చదివాను, ఎక్కడో మెలిక ఉంటుందని. కనపడలేదు. కనపడనందుకు ఇంకా అనుమానం వేసింది. లైన్ లీడరు చెప్పిందో, ఆఫీసరే ఆ వీడియో చూసిందో, పుల్లమామిడి ముక్కలు తెచ్చినామె చెప్పిందో ఈనాటికీ తెలియదు. "ఆ పనులు మాని నీ పని చూసుకో" అంటుంది అక్క.

అక్కకు ఆడపిల్ల పుట్టింది. ఈ ఏడాది తిరుత్తణి కొండ మీద దానికి వెంట్రుకలు తీయించాం. ఈసారి మేనమామను నేను.

మధ్యలో నాకు పెళ్ళయింది. ఇంకా మూడు నెలలు నిండలేదు. నా భార్య మెట్ల దగ్గర అమ్మ పక్కన నిలబడి ఉంది. మేనకోడలు నా ఒళ్ళో గట్టిగా ఏడ్చి, గుండయ్యాక నా వేలు పట్టుకుని చూస్తోంది. పిళ్ళయార్ ముందుకొచ్చేసరికి బావ కర్పూరం వెలిగించిన కాయ నా చేతికిచ్చాడు. ఇచ్చేటప్పుడు ఆయన మీసం కింద నవ్వు చూశాను.

తల ఎత్తితే అందరి చేతుల్లోనూ ఫోన్లు లేచి ఉన్నాయి. వదినది, ఆమె భర్తది, చిన్నాయనది. పెద్దమ్మ కూడా కొత్త ఫోను కొనుక్కుని వచ్చింది, రెండు చేతులతో పట్టుకుంది. ఎవరూ పిల్లను చూడడం లేదు. నా చేయి చూస్తున్నారు.

మా ఇంట్లో దాచాల్సింది ఏమీ లేదు. కాయ తిప్పి, ఎత్తి, ఎవరికీ ఏ అనుమానమూ మిగలకుండా బలంగా కొట్టాను. చిప్పలు చిన్నాయన కాళ్ళ దాకా ఎగిరాయి. అమ్మయ్య అనుకున్నాను. ఈ వీడియోలో చదవడానికి ఏమీ లేదు.

తిరుగు రైల్లో నా భార్య నా భుజం మీద తల పెట్టుకుని నిద్రపోతోంది. తిరువాలంగాడు ఇంకా రాలేదు. ఫోను మోగింది. పెద్దమ్మ వేరే పెట్టెలో ఉంది, అక్కడి నుంచే పంపింది. నేను గొంతు తగ్గించేలోపు మొదలైపోయింది.

"ఏం నాయినా, కాయ కొట్టేసినావే! ఇంకా ఏం విశేషం లేదా? మా ఊర్లో ఒకామె మందిస్తాది, పిల్లని తీసుకోని ఒకసారి రాండి..."

నా భార్య కళ్ళు తెరిచింది. పక్క సీటాయన పేపరు దించాడు.

"మీ పెద్దమ్మకి మన సంగతులు ఎవురు చెప్తా ఉండారు?" అని అడిగింది నా భార్య, నన్నే అనుమానంగా చూస్తూ.